రెండో భాగంలో ఆమె ఎక్కడ?

2021 డిసెంబరులో మా గూడెంలో 'పుష్ప' చూసి బయటికొస్తుంటే పిన్ని అడిగింది. "కథ అవలేదేంటే? మిగతాదానికి మళ్ళీ టిక్కెట్టు కొనాలా?" వాళ్ళది ఉల్లిపాయల వ్యాపారం. "సరుకు సగం ఇచ్చి, సగం రేటు కోసం నిలవ ఉంచుకున్నారన్నమాట" అని తనే జవాబూ చెప్పుకుంది. ఆ రోజు నవ్వేశాను గానీ, సీక్వెల్స్ గురించి అంతకన్నా సూటిగా చెప్పినవాళ్ళు నాకు కనబడలేదు.

సినిమావాళ్ళ లెక్కలో తాడేపల్లిగూడెం ఊరు కాదు, 'వెస్ట్'లో ఒక సెంటరు. నైజాం, సీడెడ్, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు అంటూ నేలను ముక్కలు చేసి హక్కులు అమ్ముతారు. చాలాసార్లు బొమ్మ పూర్తికాకముందే బేరం అయిపోతుంది. చూడని సరుకు కొనేవాడికి ఏదో భరోసా కావాలి. తెలిసిన పేరు పక్కన రెండు అంకె ఆ భరోసా. హిందీ డబ్బింగుకీ, ఓటీటీకీ అదే సూత్రం. 'మనీ మనీ', 'శంకర్ దాదా జిందాబాద్' లాంటివి ముందే ఉన్నా, కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న దగ్గర 2015లో కథ ఆపేసి, 2017 దాకా జనంచేతే ప్రచారం చేయించుకున్న 'బాహుబలి' అందరికీ దారి చూపించింది.

అయితే ఈ భరోసా వెతుకులాట పాతదే. ఒకప్పుడు నిర్మాతలు దాన్ని స్త్రీల నవలల్లో వెతుక్కున్నారు. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. యద్దనపూడి సులోచనారాణి 'జీవన తరంగాలు', 'మీనా' రెండూ 1973లో తెరకెక్కాయి. 'మీనా'కి దర్శకురాలు విజయనిర్మల. 1975లో రంగనాయకమ్మ 'బలిపీఠం' వచ్చింది. రేలంగి వెంకట్రామయ్య సొంతంగా సినిమాహాలు కట్టించిన ఈ ఊళ్ళో మా అమ్మ తరం ఆడవాళ్ళు, వారపత్రికలో 'సశేషం' దగ్గర ఆగి, మళ్ళీ వారం కోసం కాచుక్కూర్చున్నవాళ్ళు. వాళ్ళ ఎదురుచూపే అప్పటి పెట్టుబడికి హామీ. ఆ కారున్న ఆరడుగుల రాజశేఖరాల మీద మనకి బోలెడు ఫిర్యాదులున్నాయి (నాకూ ఉన్నాయి). కానీ కథ ఒక ఆడమనిషి ఇష్టాయిష్టాల చుట్టూ తిరిగేది, రాసింది ఆడమనిషి. ఇప్పుడు హామీ హీరో పేరు, ఆ పక్కన అంకె.

అందుకే మొదటి భాగంలోని స్త్రీలు రెండోదానికి వచ్చేసరికి ఏమవుతున్నారో చూడాలి. దేవసేనను విడిపించడానికి కత్తి పట్టిన అవంతిక పనిని మొదటి భాగంలోనే హీరో తన చేతుల్లోకి తీసుకున్నాడు. రెండో భాగంలో ఆమె దాదాపు కనబడదు. దేవసేన, శివగామి బలమైన పాత్రలు కదా అంటారు. నిజమే, కానీ వాళ్ళ బలమంతా సింహాసనం ఏ మగవాడిదో తేల్చడానికే ఖర్చయిపోయింది. శ్రీవల్లి చూపునీ ముద్దునీ 'పుష్ప'లో డబ్బిచ్చి కొన్నారు. రెండో భాగంలో ఆమె ముఖ్యమంత్రితో ఫొటో కోరుతుంది, దానికోసం భర్త ముఖ్యమంత్రినే మార్చేస్తాడు. కోరిక ఆమెది, పౌరుషం అతనిది. 2009లో 'అరుంధతి' అంత పెద్ద విజయం సాధించింది. పునర్జన్మ కథ కనక కొనసాగించడమూ తేలికే. దానికి ఇంతవరకూ రెండో భాగం లేదు.

మూడేళ్ళు నిలవ ఉంచిన ఎదురుచూపుని 2024 డిసెంబరు 4 రాత్రి అమ్మకానికి పెట్టారు. 'పుష్ప 2' ప్రీమియర్ టిక్కెట్టు మీద 800 రూపాయలు అదనంగా తీసుకోమని తెలంగాణ ప్రభుత్వం అనుమతిచ్చింది. హైదరాబాదు సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో కుటుంబంతో వచ్చిన ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. ఆ తర్వాత రోజుల తరబడి మనమంతా మాట్లాడుకున్నది హీరో అరెస్టు గురించి, బెయిలు గురించి.

పిన్ని ఆ సినిమాకి హాలుకి రాలేదు. తర్వాతెప్పుడో ఇంట్లో టీవీలో చూసింది. శ్రీవల్లి మొగుణ్ణి వెనకేసుకొచ్చి గట్టిగా మాట్లాడుతుంటే చేటలో బియ్యం ఏరుతూ తలెత్తి, "ఈ పిల్ల అప్పుడు పాలు పోసేది కదే, ఆ పనేం చేసింది?" అంది.