ఆదివాసి వీరుని కథ: వ్రాయసకాని చేయి

కామారెడ్డి, ఎల్లారెడ్డి అను పట్టణముల పేర్లకు దోమకొండ సంస్థానమేలిన కామినేని వంశమునందలి అన్నదమ్ములు కారణమని ఐతిహ్యము. ఆ వంశమునకే చెందిన మల్లారెడ్డి 'షట్చక్రవర్తి చరిత్రము' రచించి సాహిత్యచరిత్రలో స్థానము సంపాదించెను. కావ్యావతారికలో వంశవర్ణనము చేసికొను వీలున్నవాడు తన వారి పేర్లను తానే కాలమునకు అప్పగింపగలడు. ఆ వీలు లేనివారి మాట యేమి? అదే ప్రాంతమున గాంధారి, ఎల్లారెడ్డి పరిసరముల తండాలలో లంబాడీలు 1739లో జన్మించెనని తాము నమ్ము సేవాలాల్ మహారాజును పాటలలో కొలుచుచున్నారు. గోర్‌బోలికి సొంతలిపి లేదు. మల్లారెడ్డిని చదివిన విద్యార్థి సేవాలాలును ఎరుగక పట్టభద్రుడు కావచ్చును. తండాకును కళాశాలకును నడుమ దూరము మాత్రము నాలుగైదు క్రోసులే.

కావున ఆదివాసులలో ప్రసిద్ధుడెవ్వడను ప్రశ్నకు ముందు అతని కథ నెవరు వ్రాసిరను ప్రశ్న నడుగవలెను. ఈ పరీక్షకు కొమురం భీమును మించిన ఉదాహరణము తెలుగునాట లేదు.

ఆదిలాబాదు అడవులలో రక్షితారణ్యపు హద్దులు గీచి గోండులను, కోలాములను సేద్యభూములనుండి వెడలగొట్టినప్పుడు భీము తిరుగబడి 1940లో జోడెఘాట్ కొండలలో నిజాము పోలీసుల కాల్పులకు బలియయ్యెను. తరువాత ప్రభుత్వము పంపగా వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో నివసించి గోండుల స్థితిని పరిశీలించెను. అతని రచనలలో భీము అన్యాయము భరింపలేక ఎదురుతిరిగినవాడు. అతని దృష్టి యంతయు భూమి పోవుటమీదను, క్రింది ఉద్యోగుల వసూళ్లమీదను నిలిచినది. పాలకులకు నివేదించువాడు కారణములు వెదకుట సహజమే. ఆ కలమువలన మేలును జరిగెను: గోండులకు పట్టాలిచ్చిరి, గోండీ వాచకములు వెలసెను.

1983లో వెలువడిన సాహు, అల్లం రాజయ్యల 'కొమురం భీం' నవల మరియొక చేయి. విప్లవసాహిత్యోద్యమమునకు చెందిన ఈ రచయితల భీము పోరాటనాయకుడు. తెలుగు పాఠకుని మనస్సులో ఆ పేరు నాటుకొనుటకు ఈ నవల చేసిన సేవను నేను తక్కువచేయను. అయినను భీము మాటలాడినది గోండీ, నవల నడచినది తెలుగు. నడుమ జరిగిన అనువాదము పాఠకునికి కనబడదు. అతని ఆలోచనలలో 1940 నాటి గోండు పలుకెంత, రచయితల కాలపు రైతాంగపోరాటముల పలుకెంత అని విడదీసి చూపిన పరిశోధన మనకు కావలెను.

2022 నాటి 'ఆర్.ఆర్.ఆర్.' చలనచిత్రమును కల్పనయని తీసిపారవేయవచ్చును. కాని ఒక్క సన్నివేశము మన ప్రశ్నకు అతికినట్లున్నది. కథాంతమున ఏమి కావలెనని రామరాజు అడుగగా భీము చదువు కోరును. భీముదని లోకము చెప్పు 'జల్, జంగల్, జమీన్' నినాదమును జెండాపై వ్రాయుచేయి రామరాజుది! జనశ్రుతిలోని భీమన్ననో, ఊరు విడిచి తిరిగిన కాలములోనే చదువను, వ్రాయను నేర్చినవాడు. ప్రజలు తమ వీరునికిచ్చిన అక్షరమును చిత్రము తిరిగి లాగికొన్నది.

ఇట్టిది మనదేశమున మాత్రమే జరిగినది కాదు. అమెరికాలోని లకోటా జాతివాడగు బ్లాక్ ఎల్క్ 1931లో తన జీవితకథ చెప్పగా కుమారుడు బెన్ ఆంగ్లమున అనువదించెను, నైహార్ట్ అను కవి కుమార్తె సంక్షిప్తలిపిలో వ్రాసికొనెను, నైహార్ట్ దానిని 1932లో గ్రంథముగా తీర్చెను. జాతి కల చెదరెనను అందలి అంతిమవిలాపము లోకప్రసిద్ధమైనది. 1984లో డిమాలీ మూలపు వ్రాతలను ప్రకటింపగా ఆ విలాపము బ్లాక్ ఎల్క్ నోట వచ్చినది కాదనియు, కవి కూర్చినదనియు తేలెను. అతడు 1904లో క్రైస్తవమతము స్వీకరించి చిరకాలము మతబోధకుడుగా నుండిన సంగతిని గ్రంథము దాదాపు విడిచిపెట్టెను. ఓడిన జాతికి కన్నీరొలుకు వృద్ధుడే పాఠకులకు ప్రియుడు. ఓటమి తరువాతను బ్రతుకు దిద్దుకొన్నవాడు కాడు. వ్రాసికొన్న కాగితములు దాచియుంచుటచేతనే ఈ తారతమ్యము బయటపడినది. భీము విషయమున అట్టి కాగితములు మనచేతిలో ఎన్ని యున్నవి?

గోండులకు మాత్రము చరిత్రకారుల కొరత లేదు. ప్రధానులు కీక్రి వాయించుచు పహాందీ కుపార్ లింగుని కథను, గోత్రముల పుట్టుకను తరతరములుగా గానము చేయుచున్నారు. దోమకొండ ప్రభువుల అవతారికవలెనే అదియు వంశచరిత్రయే. భేదమేమనగా అది తాళపత్రమున గాక గొంతున నిలిచినది. మన శాఖలలో దానిని 'జానపదము' అను అరలో నుంచి చరిత్ర అనుటకు జంకుదురు.

అయితే గోండీ వ్రాతకెక్కనే లేదనుటయు సరికాదు. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామమున సొంతలిపిలోని గోండీ వ్రాతప్రతులు బయల్పడినవి. ఆ లిపికి 2018లో యూనికోడునందు స్థానము లభించినది. తెలుగుశాఖలోని పరిశోధకుడు గోండీ నేర్చి వానిముందు కూర్చుండవలెను. ఎల్లారెడ్డి తండాలకు పోవువాడు సేవాలాల్ పాటతోపాటు పాడినవారెవరు, ఏ పలుకుబడిలో పాడిరి, తెలుగు చేసినదెవరు అనునవి మొదటి పుటలోనే వ్రాసికొనవలెను.