ఉద్యమగీతముల పుట్టుక: కొన్ని విమర్శాంశములు

ప్రసిద్ధమైన పాటకు పుట్టుపూర్వోత్తరములు విచారించుట మనలో అరుదు. పాట నోటికి వచ్చినచో చాలునని తలచుచుందుము. దానిని ఎవరు కట్టిరి, ఎప్పుడు కట్టిరి, ఏ నిమిత్తమున అది జనుల నాలుకలపై నిలిచినది అను మూడు ప్రశ్నలును వేఱు వేఱుగా విచారింపదగినవి. ఈ మూడింటిని ఒకటిగా కలిపివేయుట చేతనే మన విమర్శలో పెక్కు పొరపాట్లు దొర్లుచున్నవి.

గురజాడ అప్పారావుగారి దేశభక్తి గీతము 1910 నాటిది. సహాయ నిరాకరణమునకు పదేండ్లు ముందే అది వెలసినది. నేలకంటె మనుష్యునకు పెద్దపీట వేసిన ఆ గీతము కవి యాలోచనలో పుట్టి, అచ్చులోనికి వచ్చి, పిమ్మట సభలకెక్కినది. గరిమెళ్ళ సత్యనారాయణగారి ‘మా కొద్దీ తెల్ల దొరతనము’ త్రోవ వేఱు. అది సహాయ నిరాకరణోద్యమము నడుమ పుట్టినది. వీథులలో పాడుటకే పుట్టినది. దానికి ప్రతిఫలముగా 1922లో కవికి ఏడాది చెఱ ప్రాప్తించెను. గురజాడ పాటకు కాలము కీర్తి తెచ్చినది. గరిమెళ్ళ పాటకు శిక్షయే కీర్తి తెచ్చినది. కవిత్వగుణమును బట్టి మాత్రమే ఈ రెంటిని తూచువారు రెండవదానికి అన్యాయము చేయుచున్నారు. వీథిలో నలుగురు అందుకొనుటకు వలసిన సులభమైన మాట, మరల మరల వచ్చు పల్లవి యనునవి ఆ పాటకు లోపములు కావు, ఆయుధములు.

‘బండెనక బండి’ విషయము ఇంతకంటె విచారకరము. తెలంగాణ సాయుధ పోరాటకాలమున బండి యాదగిరి కట్టిన పాట యిది. 1979 నాటి ‘మా భూమి’ చిత్రములో గద్దరు దానిని పాడుటచే దేశమంతట మారుమ్రోగెను. నేడు పలువురు దానిని గద్దరు రచనయే యనుకొనుచున్నారు. మఱికొందఱు కర్త లేని జానపదమందురు. పాడి బ్రదికించిన గాయకుని గొప్పతనమును ఎవ్వరును కాదనలేరు. కాని గాయకుని కీర్తి క్రింద కర్త పేరు మాసిపోవుట న్యాయము కాదు. చదువుకొన్న కవి పేరు గ్రంథము కాపాడును. పల్లెటూరి యోధుని పేరు మనము తలచుకొన్ననే నిలుచును.

ఇక మన ప్రాంతమునకు దగ్గఱగా వచ్చు ఉదాహరణము ‘వందేమాతరము’. ఇది తెలుగుపాట కాదు, బంకించంద్రుని ‘ఆనందమఠము’లోనిది. అయినను 1938లో అది తెలుగు విద్యార్థుల పాట ఆయెను. ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహములలో ప్రార్థనవేళ దానిని పాడరాదని అధికారులు నిషేధింపగా, విద్యార్థులు సమ్మె చేసిరి; వందలమంది బహిష్కృతులైరి. అట్టివారికి నాగపుర విశ్వవిద్యాలయము ఆశ్రయమిచ్చెను. అప్పటి ఉపకులపతి టి. జె. కేదారుగారు. బహిష్కృతులలో పి. వి. నరసింహారావుగారును ఒకరు. కాజీపేట బల్లార్షాల నడుమ రైలుమార్గము 1929లోనే పూర్తియైనది. హైదరాబాదు నుండి నాగపురమునకు పోవు ఆ మార్గము మన చాందా మీదుగానే సాగుచున్నది.

ఈ యుద్యమమును మతద్వేషమని కొందఱు, మతస్పర్శ లేని దేశభక్తియని కొందఱు వ్రాయుదురు. రెండును తొందరపాటు మాటలే. ఆ గీతముపై ముస్లిములకు గల అభ్యంతరమును గుర్తించియే 1937లో కాంగ్రెసు కార్యవర్గము మొదటి రెండు చరణములు మాత్రము పాడుట తగునని నిర్ణయించెను. హైదరాబాదులోనో, అదే 1938లో స్టేటు కాంగ్రెసును ఆర్యసమాజమును సత్యాగ్రహములు నడపుచుండెను. రాజకీయమును మతమును పెనవైచుకొన్న ఆ కాలమున విద్యార్థులడిగినది తమ ప్రార్థనను తాము పాడుకొను స్వేచ్ఛ. పాట అర్థమొక్కటే వారిని కదలించెననుట చాలదు. పాడవలదన్న ఆజ్ఞయే దానికి క్రొత్త అర్థమును కల్పించెను. కావున ఆ పాట పుట్టినది వంగదేశమున, ఉద్యమగీతముగా మన తెలుగు విద్యార్థుల నడుమ మఱల పుట్టినది హైదరాబాదున అని చెప్పుట సముచితము.

ఆ త్రోవ అంతటితో ముగియలేదు. 1947–48లో నిజాము ప్రభుత్వముపై పోరాడుటకు కాంగ్రెసువారు సరిహద్దులలో నెలకొల్పిన శిబిరములలో చాందా శిబిరమొకటి. నరసింహారావుగారు అచ్చటను పనిచేసిరి. చంద్రపురపు తెలుగువారికి ఈ చరిత్ర పొరుగింటి కథ కాదు.

మన తెలుగు పాఠశాలలలో ఆగస్టు 15న, జనవరి 26న ఈ పాటలు వినిపించుచునే యున్నవి. 2023లో మహారాష్ట్ర ప్రభుత్వము రాష్ట్రగీతముగా స్వీకరించిన ‘జయ జయ మహారాష్ట్ర మాఝా’ను మన పిల్లలు పాడుచున్నారు, పాడవలెను. దానిని రచించిన రాజా బఢే పేరును నేర్పునట్లే బండి యాదగిరి పేరును నేర్పవలదా? ఇంట నేర్చిన భాషకు బడిలో చోటు కుదించుకొనిపోవుచున్న చోట, పాటయే పిల్లవానికి చివఱివఱకు మిగులు తెలుగు. ఆ పాటను కర్త పేరుతో, కాలముతో, కారణముతో కూడ అందించుట మన కర్తవ్యము. చాందా శిబిరమునాటి ముచ్చట్లు ఏ యింటి పెద్దల నోటనైనను మిగిలియున్నచో, వానిని వెంటనే వ్రాసికొనుట అంతకంటెను తక్షణ కర్తవ్యము.