ట్యాంపర్‌కు కావలసింది ఒక్క కొలత

చుట్ట తాగేవాడికి అగ్గిపుల్ల ఉంటే పని జరిగిపోతుంది. పైపు తాగేవాడికి దానితోపాటు ట్యాంపర్ కూడా కావాలి. చుట్టలో ఆకు బిగువుగా చుట్టుకుని ఉంటుంది కనుక నిప్పు తన దారి తానే చూసుకుంటుంది. పైపు గిన్నెలో వేసేది విడి తురుము. అంటించగానే అది మెలితిరిగి పైకి ఉబుకుతుంది, కాలిన పొరకూ కింది పొగాకుకూ మధ్య సందు ఏర్పడి నిప్పు ఆరిపోతుంది. ఆ ఉబుకును మెల్లగా అణచి నిప్పును కిందికి ఆనించే చిన్న పనిముట్టే ట్యాంపర్. దుకాణాల్లో చవకగా దొరుకుతున్నా, దాన్ని సొంతంగా చేసుకునే అలవాటు మాత్రం పోలేదు. పిసినారితనమనో, పాతవాటి మీద మోజనో దీన్ని కొట్టిపారేయడం తేలిక. అసలు కారణం ఆ పనిముట్టు తీరులోనే ఉంది. అది కచ్చితంగా అడిగేది ఒక్క కొలతనే. మిగతాదంతా చేసేవాడి ఇష్టం.

ఆ కొలత అడుగు వెడల్పు. ఇప్పటి బ్రయర్ చెక్క పైపుల్లో చాలావాటికి గిన్నె లోపలి వ్యాసం 18 నుంచి 20 మిల్లీమీటర్లు. అందులోకి 12 నుంచి 15 మిల్లీమీటర్ల చదునైన అడుగు హాయిగా దిగుతుంది. అంతకన్నా వెడల్పైతే గిన్నె గోడకు పట్టిన మసి పొరను గీరేస్తుంది. మరీ సన్ననిదైతే పొగాకును అదమకుండా గుంటలు పొడుస్తుంది. వాడే పద్ధతిలోనూ ఒడుపుంది. మొదటిసారి వెలిగించాక ఉబ్బిన పై పొరను అదిమి, మళ్లీ వెలిగించాలి. ఆ తర్వాత ట్యాంపర్ సొంత బరువు చాలు, చేతి బలం అక్కర్లేదు. గట్టిగా నొక్కితే గాలి ఆడదు. గాలి ఆడకపోతే మనిషి బలంగా పీలుస్తాడు, పొగ వేడెక్కి నాలుక మండుతుంది. అసలు అదమకపోతే అగ్గిపుల్లలే ఖర్చు.

ఏ వస్తువులు ట్యాంపర్లుగా నిలిచాయో చూస్తే ఈ కొలత ప్రభావం తెలుస్తుంది. పెద్ద తల ఉన్న మేకు, గోల్ఫ్ ఆటలో బంతిని నిలిపే చెక్క టీ, గుండ్రంగా చెక్కిన కర్రముక్క, జింక కొమ్ము కొస, పేలిన తూటా ఇత్తడి తొడుగు... ఇవన్నీ వేర్వేరు పనులకు పుట్టినవే. 303 రైఫిల్ తూటా అడుగు సుమారు 13.7 మిల్లీమీటర్లు. పైపు కోసమే పోతపోసినట్టుండే ఈ అంకె కేవలం యాదృచ్ఛికం. వాటి పదార్థాలకు మాత్రం దేని గుణం దానిదే. ఇత్తడి మాడదు, బరువుగా ఉండి తానే అదుముతుంది, కాకపోతే త్వరగా వేడెక్కుతుంది. చెక్క చేతికి వేడి తగలనివ్వదు. దాని అడుగు మాడినా చాకుతో గీరితే మళ్లీ కొత్తదే. కొమ్ము నునుపుగా ఉంటుంది కానీ నిప్పు మీద ఎక్కువసేపు ఉంచితే కంపు కొడుతుంది. ప్లాస్టిక్, సీసం కలిసిన లోహం, అడుగున వార్నిష్ పూసిన చెక్క నిప్పు దగ్గరికి తేదగినవి కావు.

మిగతాదంతా ఇష్టమైనప్పుడు చేతులు ఊరుకోవని ఇంగ్లండ్ చరిత్ర చూపిస్తుంది. 17, 18 శతాబ్దాల్లో మట్టి పైపుల కోసం అక్కడ మనుషుల, జంతువుల బొమ్మలతో ఇత్తడి ట్యాంపర్లు పోతపోశారు. వేలికి ఉంగరంలా తొడుక్కునేవీ చేశారు. పొగాకు ఖరీదైన తొలి రోజుల్లో పైపు గిన్నెలు చాలా చిన్నవి కనుక పాత ట్యాంపర్ల అడుగులూ చిన్నవే. 1712లో ‘స్పెక్టేటర్’ పత్రికలో అడిసన్ రాసిన ఒక వ్యాసంలో విల్ వింబుల్ అనే పాత్ర ట్యాంపర్లను స్వయంగా తయారుచేసి తన ప్రాంతంలోని పెద్దమనుషులకు పంచుతుంటాడు. అదే శతాబ్దం మధ్యలో స్ట్రాట్‌ఫర్డ్‌లో షేక్‌స్పియర్ నాటాడని చెప్పే మల్బరీ చెట్టును కొట్టేస్తే, ఆ కలపతో చేసి అమ్మిన జ్ఞాపికల్లో ట్యాంపర్లూ ఉన్నాయి.

వేలు ఉండగా ఇదంతా ఎందుకని అడగవచ్చు. చల్లారిన బూడిదను సర్దడానికి వేలు సరిపోతుంది, రగిలే నిప్పు మీద పెడితే కాలుతుంది. ట్యాంపర్, పుల్ల, గరిట మూడూ ఒకే మేకుకు గుచ్చిన ‘చెక్ టూల్’ ఉండగా చేత్తో చేసుకోవడం దండగ కాదా అన్నది బలమైన ప్రశ్న. పని జరగడమే లెక్కయితే అది చాలు, నిజమే. అయితే దాని అడుగు అన్ని పైపులకూ ఒకే కొలత. చిన్న గిన్నెకు బిగువు, పెద్ద గిన్నెకు వదులు. చేసుకునేవాడు తన పైపును కొలిచి చేసుకుంటాడు. ఇది అలంకారం కోసం పడే తాపత్రయం కాదు, ఉపయోగంలోనే తేడా.

మరి హాని చేసే అలవాటుకు ఇంత గౌరవమా అన్నది చివరి అభ్యంతరం. పైపు పొగ కూడా నోటి క్యాన్సర్‌కు దారితీస్తుంది. అందులో వాదనకు చోటు లేదు. ఇక్కడ మెచ్చుకుంటున్నది పనితనాన్నే, పొగను కాదు. పైపు ముట్టనివాళ్లు కూడా పాత ట్యాంపర్లను వెతికి దాచుకోవచ్చు, చూసి నేర్చుకోవచ్చు. పైపు తాగడం మానేస్తే మంచిదే. ట్యాంపర్ చేసిన చేతి నేర్పును మాత్రం పోగొట్టుకోనక్కర్లేదు.