ఆకర్షణీయ బోధన – నాణ్యతా కొలమానాలు: బొర్రా పరిసర ప్రాథమిక పాఠశాలల నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రాథమిక పాఠశాలల్లో బోధన నాణ్యతను అంచనా వేయడానికి గత రెండు దశాబ్దాలలో పలు కొలమానాలు వాడుకలోకి వచ్చాయి. తరగతి గది పరిశీలన, పఠన ధారాళత, ఉపాధ్యాయుల హాజరు వాటిలో ముఖ్యమైనవి. ఇవి ఉపాధ్యాయుని బాహ్య ప్రవర్తనను నమోదు చేయగలవు గాని, ఇంటి భాష వేరు, బడి భాష వేరు అయిన చోట జరిగే అసలు బోధనను పట్టుకోలేవని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బొర్రా–అరకు కొండ ప్రాంతాన్ని దృష్టాంతంగా తీసుకొని, ఆ లోపాన్ని సరిచేయగల మార్గాలను చర్చిస్తుంది.

కీలకపదాలు: ప్రాథమిక విద్య, ఆకర్షణీయ బోధన, తరగతి గది పరిశీలన, బహుభాషా విద్య, బొర్రా, కొండ భాష.

1. ఉపోద్ఘాతం:

బొర్రా పేరు వినగానే గుహలు స్ఫురించడం సహజం. అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలోని ఈ ప్రాంతానికి న్యాయచరిత్రలోనూ స్థానం ఉంది. గిరిజన ప్రాంతాల్లోని గనుల లీజులపై 1997లో సుప్రీంకోర్టు వెలువరించిన ‘సమతా’ తీర్పుకు నేపథ్యం ఇక్కడి కొండ గ్రామాలే. బొర్రా నుంచి అరకు లోయ వరకు ఉన్న ఊళ్లలో తెలుగుతో పాటు కువి, కొండ (కూబి), ఆదివాసీ ఒరియా భాషలు వ్యవహారంలో ఉన్నాయి. కొండ భాషకు ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి రచించిన వర్ణనాత్మక వ్యాకరణం 1969లోనే వెలువడింది. భాషాశాస్త్రం గుర్తించిన ఈ వైవిధ్యాన్ని బోధన నాణ్యతను కొలిచే పద్ధతులు ఎంతవరకు గుర్తించాయన్నది ఇక్కడ పరిశీలనాంశం.

2. కృత్యాధార బోధన – ఆశయం, ఆచరణ:

తెలుగు నాట ‘ఆకర్షణీయ బోధన’ కొత్త మాట కాదు. 1980లలో బ్రిటన్ ప్రభుత్వ ఆర్థిక సహాయంతో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు బోధనా సూత్రాలను ప్రవేశపెట్టింది. ఉపాధ్యాయుడు స్వయంగా కృత్యాలు రూపొందించడం, పిల్లలు చేసి చూసి నేర్చుకోవడం, వ్యక్తిగత–జట్టు–పూర్తి తరగతి పనులను కల్పించడం, వైయక్తిక భేదాలను పాటించడం, స్థానిక పరిసరాలను వినియోగించడం, పిల్లల పనులను ప్రదర్శించి తరగతి గదిని ఆసక్తికరంగా ఉంచడం ఆ సూత్రాల సారాంశం. విద్యాహక్కు చట్టం (2009) 29వ సెక్షన్ కూడా కృత్యాలు, అన్వేషణల ద్వారా అభ్యసనం సాగాలని, బోధనా మాధ్యమం వీలైనంత వరకు మాతృభాషే కావాలని నిర్దేశించింది.

ఈ సూత్రాలలో కొన్ని కంటికి కనిపిస్తాయి, కొన్ని కనిపించవు. గోడకు తగిలించిన బొమ్మలను తనిఖీ అధికారి లెక్కించగలడు. స్థానిక పరిసరం పాఠంలోకి ఎంత లోతుగా వచ్చిందో లెక్కించడం సులభం కాదు. తెలుగు నాట ప్రసిద్ధమైన కొలతల్లో రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. సంతలో చోళ్లు, సామలు కొలిచే పాత్రలు తెలిసిన పిల్లవానికి రెట్టింపు, సగం, గుణకారం అన్నీ ఈ ఒక్క వరుసలోనే దొరుకుతాయి. ఇటువంటి పాఠానికి చార్టు అక్కరలేదు. చార్టులు లేని గదికి తనిఖీ పత్రంలో దక్కే మార్కులూ తక్కువే.

3. కొలమానాల పరిణామం:

తొలి దశలో కొలత ఉపాధ్యాయుని ఉనికికే పరిమితమైంది. ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో 2003లో జరిగి, 2005లో ప్రచురితమైన అధ్యయనం దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో నలుగురు ఉపాధ్యాయుల్లో ఒకరు గైర్హాజరులో ఉన్నట్లు, బోధనలో నిమగ్నమైనవారు సగానికన్నా తక్కువగా ఉన్నట్లు తేల్చింది.

తరువాతి దశలో దృష్టి ఫలితాల వైపు మళ్లింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లో జరిపిన ప్రయోగం ఇందులో ప్రసిద్ధం. ఆ ఐదింటిలో విశాఖపట్నం ఒకటి. విద్యార్థుల మార్కులు పెరిగితే ఉపాధ్యాయులకు నగదు ప్రోత్సాహకం ఇచ్చారు. రెండేళ్ల తరువాత ప్రోత్సాహక పాఠశాలల్లో గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర మెరుగుదల కనిపించింది. 2011లో ప్రచురితమైన ఈ అధ్యయనంలో అంతగా చర్చకు రాని అంశం ఒకటుంది. ప్రోత్సాహకం ఉన్న పాఠశాలలకు, లేని పాఠశాలలకు మధ్య ఉపాధ్యాయుల హాజరులో గాని, ప్రత్యక్ష పరిశీలనకు చిక్కిన తరగతి గది ప్రవర్తనలో గాని చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తేడా ఇంటర్వ్యూలలో బయటపడింది. అదనపు ఇంటిపని, బడివేళల తరువాతి తరగతులు, వెనుకబడిన పిల్లలపై ప్రత్యేక శ్రద్ధ వంటివి ఉపాధ్యాయులు చెబితేనే తెలిశాయి. బోధనలో ఫలితాన్నిచ్చే భాగం పరిశీలకుని చూపుకు అందకపోవచ్చునని ఈ అధ్యయనమే సూచిస్తున్నది.

ప్రపంచ బ్యాంకు 2019లో విడుదల చేసిన ‘టీచ్’ పరిశీలనా పరికరం మూడవ దశకు చెందుతుంది. బ్యాంకు 2021లో 25 కోట్ల డాలర్ల రుణం ఆమోదించిన ‘సాల్ట్’ పథకం ద్వారా ఇది ఆంధ్రప్రదేశ్ పాఠశాలలకు చేరింది. గిరిజన మండలాల్లోని పాఠశాలల్లో ఏడాది పాటు పూర్వ ప్రాథమిక కోర్సును ప్రవేశపెట్టడం కూడా ఆ పథకంలో భాగమే.

4. ‘టీచ్’ పరికరం – బలం, పరిమితి:

పదిహేను నిమిషాల చొప్పున రెండు విడతల పరిశీలన ద్వారా తరగతి గది సంస్కృతి, బోధన, సామాజిక–భావోద్వేగ నైపుణ్యాలు అనే మూడు రంగాల్లో తొమ్మిది అంశాలకు ఈ పరికరం స్కోరు ఇస్తుంది. పిల్లలు పనిలో నిమగ్నమైన సమయాన్ని విడిగా నమోదు చేస్తుంది. దీని విలువను తక్కువ చేయనక్కరలేదు. “అర్థమైందా?” అని అడిగి, అందరూ ఒక్కగొంతుతో “ఆఁ” అనగానే ముందుకు సాగడాన్ని ఇది మంచి బోధనగా అంగీకరించదు. పరీక్ష మార్కులకు బదులు పాఠాన్నే చూడటం కచ్చితంగా ముందడుగు.

అయితే ఆ తొమ్మిది అంశాల్లో పిల్లల ఇంటి భాషకు విడి స్థానం లేదు. దీని పర్యవసానాన్ని ఒక చిన్న పదంతో వివరించవచ్చు. తెలుగులో ‘ఏరు’ అంటే ప్రవాహం. కొండ భాషలో అదే మూలానికి చెందిన ‘ఏరు’ అంటే నీరు. ‘ఏటి ఒడ్డున’ అనే తెలుగు పాఠం వింటున్న కొండ భాషీయుడైన పిల్లవానికి పదం పరిచితమే, అర్థం మాత్రం వేరు. ఈ సంగతి తెలిసిన ఉపాధ్యాయుడు ఒక క్షణం ఆగి, కుండలోని నీటిని, కొండ కింద పారే గోస్తనిని రెండింటినీ చూపి అర్థభేదాన్ని విడమరుస్తాడు. తెలియని ఉపాధ్యాయుడు ఆగడు. పాఠం సాఫీగా సాగిపోతుంది. పిల్లల భాష ఎరుగని పరిశీలకునికి మొదటిది అంతరాయంగా, రెండవది చక్కని బోధనగా కనిపించే ప్రమాదముంది.

బహుళ తరగతి బోధన రెండవ సమస్య. అరవై మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులుండాలని విద్యాహక్కు చట్టం చెప్పినా, ఏజెన్సీలో ఏకోపాధ్యాయ పాఠశాలలు తొలగిపోలేదు. ఒకే గదిలో ఐదు తరగతులున్నప్పుడు నాలుగవ తరగతికి పాఠం చెబుతున్న అరగంటలో ఒకటవ తరగతి వారు ఖాళీగా కనిపించవచ్చు. లేదా నల్లబల్లపై అక్షరాలను అర్థం తెలియకుండానే దిద్దుతూ ‘నిమగ్నులు’గా నమోదు కావచ్చు. రెండు సందర్భాల్లోనూ అంకె వాస్తవాన్ని చెప్పదు.

5. పఠన ధారాళత – అర్థావగాహన:

2021లో మొదలైన నిపుణ్ భారత్ మూడవ తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలను అర్థంతో చదవడాన్ని లక్ష్యంగా నిర్దేశించింది. ఇందులో వేగాన్ని గడియారంతో కొలవవచ్చు. అర్థానికి అటువంటి సాధనం లేదు. తెలుగు లిపిలో ఉచ్చారణకు, రాతకు దగ్గరి సంబంధం ఉండటం వల్ల గుణింతాలు పట్టుబడిన పిల్లవాడు తెలియని భాషను కూడా గడగడ చదవగలడు. కువి మాట్లాడే ఇంటి పిల్లవాని ధారాళత తెలుగు ఇంటి పిల్లవానితో సమానమైనప్పుడు, అవగాహనలోని అంతరం ఆ అంకె వెనుక మరుగున పడుతుంది.

6. బహుభాషా విద్య, స్థానిక ఉపాధ్యాయులు:

ఈ అంతరాన్ని గుర్తించిన ప్రయత్నం ఉమ్మడి రాష్ట్రంలోనే జరిగింది. 2004లో మొదలైన మాతృభాషాధారిత బహుభాషా విద్యా కార్యక్రమం సవర, కొండ, కువి, కోయ, ఆదివాసీ ఒరియా, గోండి, కొలామి, బంజారా భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలను తెచ్చింది. అయితే వాచకం ఒక్కటే వంతెన కాలేదు. ఆ భాష మాట్లాడే ఉపాధ్యాయుడూ కావాలి.

షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరి 10న వెలువడిన జీవో 3 ఉద్దేశాల్లో ఉపాధ్యాయుల గైర్హాజరును అరికట్టడం ఒకటి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని ఆ జీవోను కొట్టివేసింది. రాజ్యాంగపరమైన మంచిచెడ్డలను పక్కన పెట్టినా, ఒక విద్యాప్రశ్న మిగులుతుంది. స్థానిక భాష తెలిసి ఉండటం బోధన నాణ్యతలో భాగంగా ఎక్కడా కొలవబడలేదు. కొలతకు రాని గుణం నియామకాల్లో గాని, బదిలీల్లో గాని ప్రాధాన్యం పొందడం కష్టం. కొలమానం చర్చ ఇక్కడ పిల్లల భవితవ్యంతో ముడిపడుతుంది.

7. ప్రత్యామ్నాయ సూచనలు:

అ) తెలుగు పేరా చదివిన పిల్లవానిని దాని సారాంశాన్ని ఇంటి భాషలో చెప్పమనడం అవగాహన పరీక్షలో భాగం కావాలి. పరిశీలకునితో పాటు ఆ భాష తెలిసిన స్థానికులు ఉండాలి.

ఆ) ఏకోపాధ్యాయ పాఠశాలలో పరిశీలన అరగంటకు బదులు పూర్తి రోజు సాగాలి. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ పాఠశాలల్లో రూపొందిన అభ్యసన నిచ్చెన పద్ధతిలో ప్రతి పిల్లవాడూ తన మెట్టు మీద తాను ముందుకు సాగుతాడు. అక్కడ చూడవలసింది ఉపాధ్యాయుని ప్రసంగం కాదు, పిల్లల పురోగతి.

ఇ) ఉపాధ్యాయునికి ఇచ్చే స్కోరును, పాఠశాల స్థితిగతులను (తరగతుల సంఖ్య, ఇంటి భాషలు, ఉపాధ్యాయుడు అక్కడ పనిచేసిన కాలం) విడివిడిగా నమోదు చేయాలి.

ఈ) ఫలితాలు ర్యాంకులకు కాక, ఉపాధ్యాయుల చర్చకు ముడిసరుకుగా తిరిగి చేరాలి.

ఇలా చేస్తే రాష్ట్రమంతటినీ ఒకే తూకంతో పోల్చలేమన్న అభ్యంతరం రావచ్చు. మైదాన ప్రాంతపు ఏకభాషా తరగతిని, కొండ ఊరి బహుభాషా గదిని ఒకే తూకంలో వేసినప్పుడు వచ్చే పోలిక కచ్చితమైనది కాదు, కచ్చితంగా కనిపించేది మాత్రమే. ఇంటి భాష పేరుతో గిరిజన పిల్లలను తెలుగు, ఆంగ్లాలకు దూరం చేస్తారన్న తల్లిదండ్రుల ఆందోళన మరింత బలమైనది. ఈ సూచనల గమ్యం ఆ భాషలే. తెలిసిన భాష మీదుగా తెలియని భాషకు పిల్లవాడు నిజంగా చేరాడా లేదా అన్నదే ఇక్కడ కొలవదలచినది.

8. ముగింపు:

కృత్యాధార బోధన నుంచి ‘టీచ్’ వరకు సాగిన ప్రస్థానంలో కొలమానాలు క్రమంగా తరగతి గదికి చేరువయ్యాయి. బొర్రా వంటి ప్రాంతాల్లో అవి మరొక అడుగు వేసి, పిల్లవాడు వింటున్న భాషకు, అర్థం చేసుకుంటున్న భాషకు మధ్య ఉన్న ఎడాన్ని చేరుకోవాలి. ఆ ఎడాన్ని రోజూ పూడుస్తున్న ఉపాధ్యాయుని శ్రమ నమోదు కానంత కాలం, తక్కువ స్కోరు వచ్చిన కొండ బడిని ‘నాణ్యత లేని బడి’గా పేర్కొనడం శాస్త్రీయం కాదు. గిరిజన భాషలు తెలిసిన పరిశోధకులు, ఏజెన్సీ ఉపాధ్యాయులు కలిసి పరిశీలనా పత్రాలను పునర్నిర్మించడం ఈ దిశగా జరగవలసిన తదుపరి పరిశోధన.