ఏ భాషలో అడిగారు?

‘అయిదో తరగతికొచ్చినా ఇంగ్లిష్ పేరా చదవలేడు, వీడికి చదువు రాలేదు’ అనే తీర్పు బడి చదువులపై చర్చల్లో మళ్లీ మళ్లీ వినపడుతుంది. ఎన్నిసార్లు విన్నా ఒళ్లు మండుతుంది. ఏ భాషలో అడిగారో, అసలు దేన్ని కొలిచారో చెప్పకుండా రాలేదనడం తగదని ఈ కాలమ్ పాఠకులకు పదేపదే చెబుతూనే ఉన్నాను. గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చదవడాన్ని రెండు శక్తుల గుణకారంగా చూపారు. రాతను పలుకుగా మార్చుకోవడం ఒకటి, ఆ భాష వింటే అర్థం కావడం రెండోది. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. రెండు భాషల మధ్య పెరిగే పిల్లల్లో ఈ శక్తులు ఒక్కో భాషలో ఒక్కో స్థాయిలో ఉండవచ్చు. ఇంగ్లిష్ పేరా గడగడా చదివి ఒక్క వాక్యానికీ అర్థం చెప్పలేని పిల్లకు మాటలూ కథలూ కావాలి. కూడబలుక్కుంటూ చదివినా కథంతా తిరిగి చెప్పే పిల్లవాడికి చదివే సాధన కావాలి. ఇద్దరికీ ఒకే మార్కు వేస్తే ఎవరికేం నేర్పాలో టీచరుకు తెలిసేదెలా?

నిమిషానికి ఎన్ని పదాలు చదివారన్న లెక్కా అంతే. తెలుగులో నామపదంలో విభక్తి, క్రియాపదంలో కాలం, పురుష ఒదిగి ఉంటాయి. గుణింతాలు, ఒత్తులు కలిస్తే నేర్వాల్సిన రూపాలు వందల్లోకి పోతాయి. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో ఆ నేర్పు నాలుగో తరగతిలోనూ సాగుతూనే ఉంటుందని సోనాలీ నాగ్ పరిశోధన 2007లో చూపింది. ఇంగ్లిష్ చదివే వేగాన్ని తెలుగు చదివే వేగం పక్కన పెట్టి పోల్చడం కుదరదు.

అలాగైతే పరీక్ష తెలుగులో పెడితే సరిపోతుంది కదా అంటారు. నా మొగ్గూ ఎప్పుడూ అటే. కానీ ఆదిలాబాద్ గోండి పిల్లలకు, భద్రాచలం కోయ పిల్లలకు, తండాల్లోని లంబాడీ పిల్లలకు ఆ తెలుగే పరాయి భాష. ఇంగ్లిష్ విషయంలో నేను తప్పుపట్టే అన్యాయమే అక్కడ తెలుగు చేస్తుంది. కాబట్టి మాతృభాష పేరుతో తెలుగును అందరికీ కొలబద్ద చేయాలన్న వాదన నిలవదు. బడిలో నేర్పే ప్రతి భాషలోనూ చదివించాలి, అర్థాన్ని మాత్రం పిల్లలు తమకొచ్చిన భాషలో చెప్పనివ్వాలి. పల్లె పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే ఇంగ్లిష్ చదివించిన ఏళ్లలో చదివారా అన్నది వేరుగా, అర్థం చెప్పగలిగారా అన్నది వేరుగా లెక్కగట్టింది. ఆ పద్ధతి బడికీ కావాలి.

అర్థాన్ని సొంత భాషలో చెప్పనిస్తే ఇంగ్లిష్ ఎప్పుడొస్తుందనే తల్లిదండ్రుల భయం న్యాయమైనదే. అయితే ఇంగ్లిష్‌లో మాట్లాడడాన్ని విడిగా పరీక్షించవచ్చు. చదివింది అర్థమైందో లేదో తెలుసుకోవడానికి ఇంగ్లిష్‌లోనే చెప్పాలన్న షరతు దేనికి? టీచరుకు కోయ రాకపోతే కథలోని బొమ్మలిచ్చి వరసలో పేర్చమనవచ్చు, దానికి ఏ భాషా అడ్డు రాదు. బడిలో చేర్చుకున్న రోజే ఇంట్లో మాట్లాడే భాష ఏదో అడిగి రాసుకోవాలి. ఆ వివరం లేని మార్కుల కాగితం చూసి పిల్లల్ని వెనకబడ్డవాళ్ల జాబితాలోకి ఎక్కించడం ఈ ఏడే మానాలి.