విషమునకు బొగ్గు: కీర్తియు, నిజమును

1831 లో ఫ్రాన్సు దేశమున టూరీ అను ఔషధశాస్త్రజ్ఞుడు వైద్య పండితుల యెదుట స్ట్రిక్నిన్ అను ఘోర విషమును, ప్రాణము తీయు మోతాదునకు అనేక రెట్లు, బొగ్గుపొడితో కలిపి మ్రింగి బ్రతికెనని చెప్పుదురు. ఈ కథ బొగ్గునకు గొప్ప కీర్తి తెచ్చినది. కాని యిందులో నొక విషయము మరుగుపడుచున్నది. ఆయన విషమును బొగ్గును ఒక్కసారే మ్రింగెను. మాత్రలు మితిమీరి మ్రింగి ఆసుపత్రికి వచ్చు రోగి సంగతి అట్టిది కాదు.

ఆసుపత్రులలో వాడునది కుంపటి బొగ్గు కాదు. కొయ్య, కొబ్బరి చిప్పలు మొదలగువాటి బొగ్గును మిక్కుటమైన వేడిమిలో నీటియావిరితో సంస్కరించి, లెక్కలేనన్ని సూక్ష్మరంధ్రములు కల్పింతురు. ఇదియే ఉత్తేజిత బొగ్గు. దీని 1 గ్రాములో సుమారు 1000 చదరపు మీటర్ల ఉపరితల ముండును. మందు అణువులు దానికి అంటుకొని, రక్తములోనికి పోక, మలముతో వెడలిపోవును. దీనినే అధిశోషణ మందురు. అయితే సారాయి, ఇనుము, లిథియము దీనికి సరిగా అంటుకొనవు. రక్తములో కలిసిన మందును గూడ ఇది చాలవరకు పట్టజాలదు.

మరి రోగుల విషయమున దీని ఫలిత మెట్టిది? శ్రీలంకలో పచ్చగన్నేరు గింజలు తిన్నవారిపై జరిగిన పరిశోధన 2003 లో వెలువడినది. బొగ్గు పలుమార్లు త్రాగించిన 201 మందిలో 5 గురు, పలుమార్లు త్రాగించని 200 మందిలో 16 గురు మరణించిరి. ఆశలు చిగురించినవి. కాని అక్కడనే జరిగిన మరింత పెద్ద పరిశోధన 2008 లో వెలువడగా, బొగ్గు ఇయ్యనివారిలో నూటికి 6.8 మంది, పలుమార్లు ఇచ్చినవారిలో నూటికి 6.3 మంది మరణించినట్లు తేలినది. ఈ స్వల్ప భేదము బొగ్గు గుణమని చెప్పుటకు చాలదు. గన్నేరు తిన్నవారిలోను మేలు కనబడలేదు.

అంతమాత్రమున బొగ్గు నిరుపయోగమని తీర్మానించుటయు తొందరపాటే. ఆ రోగులలో అధిక సంఖ్యాకులు పురుగుమందులో, గన్నేరు గింజలో తిన్నవారు. పలువురు కొన్ని గంటలు గడచిన పిమ్మట వచ్చినవారు. వారి ఫలితమును, మాత్రలు మ్రింగి గంటలోపల వచ్చిన రోగికి యథాతథముగా అన్వయింపరాదు. ఇక గంటలోపల ఇచ్చిన మేలను మాట ముఖ్యముగా ఆరోగ్యవంతులగు స్వచ్ఛంద సేవకులకు కొద్దిపాటి మందు నిచ్చి చూచిన పరీక్షలనుండి వచ్చినది. రక్తములో మందు తగ్గుట వేరు; ప్రాణము నిలుచుట వేరు. పొగడువారును, తెగడువారును ఈ భేదమును మరచుచున్నారు.

1997 లో అమెరికా, ఐరోపా విషవైద్యుల సంఘములు దీనిని అందరికి అలవాటుగా ఇయ్యరాదనియు, బొగ్గునకు అంటుకొను విషమును హానికర పరిమాణములో మ్రింగి గంటలోపల వచ్చినవారి విషయమున ఆలోచింపవచ్చు ననియు ప్రకటించినవి. మగతలోనున్న రోగికి త్రాగించినచో బొగ్గు ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయము కలుగవచ్చును. పారాసిటమాల్ వంటి మందునకు ఎసిటైల్ సిస్టీన్ అను ప్రత్యేక విరుగుడు కలదు. బొగ్గు దానికి బదులు కాజాలదు.

కావున ఇంట బొగ్గు నూరి, మాడిన రొట్టె తినిపించి కాలము పోగొట్టుట తగదు. రోగిని, అతడు మ్రింగిన మాత్రల సీసాను వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. బొగ్గు అవసరమో కాదో వైద్యుడు నిర్ణయించును. ఆ నిర్ణయమునకు కావలసిన వ్యవధిని మిగుల్చుటయే బంధువులు చేయదగిన మేలు.