తెరమీది ముఖం, తెరవెనుక సంచి

రాబర్ట్ డ్రూ తీసిన ‘ప్రైమరీ’ చిత్రాన్ని గురించి రాసేవాళ్ళంతా ఒకే మాటతో మొదలుపెడతారు: దీనితో డాక్యుమెంటరీ చిత్రకళ మలుపు తిరిగిందని. ఆ మాట అబద్ధం కాదు. 1960 ఏప్రిల్ 5న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో డెమోక్రాటిక్ పార్టీ ప్రైమరీ జరిగింది. అధ్యక్షపదవికి పార్టీ తరపున ఎవరు నిలబడాలో తేల్చే తొలి పోటీలలో అదొకటి. పోటీపడ్డవాళ్ళు జాన్ కెన్నెడీ, హ్యూబర్ట్ హంఫ్రీ. ఇద్దరూ సెనేటర్లే. వాళ్ళ వెంట రిచర్డ్ లీకాక్, ఆల్బర్ట్ మేజల్స్ మొదలైనవాళ్ళు చేతపట్టుకుని తిరగగల కెమెరాలతో నడిచారు. ఇంటర్వ్యూలు లేవు, వ్యాఖ్యానం అతి తక్కువ. కళ్ళముందు జరిగిందే చిత్రం. ఉన్నది ఉన్నట్టు చూపటమే తమ పని అన్నారు.

ఉన్నది ఉన్నట్టు చూపటమంటే ఏమిటన్నదే నా ప్రశ్న.

చిత్రంలోని మంచిని ముందు ఒప్పుకుందాం. మిల్వాకీ సభలో కెన్నెడీ జనాన్ని తోసుకుంటూ వేదిక ఎక్కుతుంటే, కెమెరా అతని తల వెనకాలే సాగిపోతుంది. మనమూ ఆ తొక్కిసలాటలో ఉన్నట్టే ఉంటుంది. వేదికమీద జాక్విలిన్ నవ్వుతూ నిలబడి ఉంటుంది. వీపు వెనక, తెల్ల గ్లౌజులు తొడుక్కున్న ఆమె వేళ్ళు మాత్రం ఒకదానితో ఒకటి పెనుగులాడుతుంటాయి. ఏ వ్యాఖ్యాతా చెప్పలేని సంగతిని ఆ వేళ్ళు చెపుతాయి. హంఫ్రీ దారినపోయేవాళ్ళ చేతులు పట్టుకుని ఊపుతుంటాడు, పలచగా కూర్చున్న రైతులముందు గొంతు చించుకుంటాడు, కారులో కునుకుతీస్తాడు. ఈ దృశ్యాలన్నీ నిజమైనవే.

అయితే దర్శకుడు వీటిని ఎలా కూర్చాడు? ఇతన్ని కాసేపు, అతన్ని కాసేపు. ఒక బరిలో సమఉజ్జీలైన ఇద్దరు మల్లులు! ఎవరి ఖర్చు ఎంత, అది ఎక్కడినుంచి వచ్చింది అన్న ప్రశ్న చిత్రం వెయ్యదు. చిత్రాన్ని రెండుపాళ్ళు చేసి పంచటమే నిష్పక్షపాతమని భ్రమపడింది. కాని ఆ ఇద్దరి మధ్య ఉన్న అసలు సంబంధం సమానత్వం కాదు. హంఫ్రీ దక్షిణ డకోటాలో తండ్రి మందులషాపులో పనిచేసినవాడు. కెన్నెడీ తండ్రి స్టాక్ మార్కెట్టులో, సినిమా వ్యాపారంలో, విదేశీ మద్యం దిగుమతిలో కోట్లు గడించినవాడు. హంఫ్రీ బస్సులో తిరిగాడు. కెన్నెడీ 1959లో కుటుంబం కొన్న సొంత విమానంలో తిరిగాడు. దానికి కూతురి పేరే పెట్టుకున్నారు. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు రాష్ట్రమంతా కలయతిరిగారు. ఊరూరా శాఖలున్న పెద్ద కంపెనీతో పోటీపడే చిల్లరకొట్టువాడిలా ఉంది తన పరిస్థితి అని హంఫ్రీ స్వయంగా వాపోయాడు. చిత్రం రెండుపాళ్ళ పంపకంతో దాచినదాన్ని అతను ఒక్క పోలికలో చెప్పాడు.

చిత్రంలో డబ్బు అసలే లేదనటం కూడా సరికాదు. ఉంది, కాని వేషం మార్చుకుని ఉంది. నిండిన సభ, పాట, ఆటోగ్రాఫుల కోసం ఎగబడే పిల్లలు — వీటినన్నిటినీ చూసే ప్రేక్షకుడు ‘ఆహా, ఏమి ఆకర్షణ!’ అనుకుంటాడు. అందం, వాక్చాతుర్యం కెన్నెడీకి లేకపోలేదు. కాని ఆ అందం సరిగ్గా వేళకు, సరైన ఊళ్ళో, నిండుసభముందు నిలబడటానికి విమానం కావాలి, నెలల తరబడి పనిచేసే మనుషులు కావాలి. సంచి తెరవెనుక ఉండిపోయి ముఖం మాత్రమే తెరమీద కనిపిస్తే, సంచి చేసిన పనికూడా ముఖం ఖాతాలోకే జమ అవుతుంది. సహజవాదానికీ వాస్తవికతకూ ఉన్న తేడా ఇదే. సహజవాది కంటికి ఆనినదాన్ని పట్టుకుంటాడు. వాస్తవికవాది కంటికి ఆనని సంబంధాన్ని వెతుకుతాడు. డ్రూ ‘లైఫ్’ పత్రికనుంచి వచ్చినవాడనీ, ఆ పత్రిక యజమానుల డబ్బుతోనే ఈ కొత్త కెమెరాలు తయారయినాయనీ ఇక్కడ గుర్తుచేసుకోవటం అప్రస్తుతం కాదు.

విస్కాన్సిన్‌లో కెన్నెడీకి దాదాపు 56 శాతం వోట్లు వచ్చాయి. అయినా పార్టీ పెద్దలకు నమ్మకం కుదరలేదు. కాథలిక్కులు గెలిపించారులే అన్నారు. ఆనాడు ఎక్కువ రాష్ట్రాల్లో ప్రైమరీలే లేవు. ప్రతినిధులు గవర్నర్ల, నాయకుల గుప్పిట్లో ఉండేవారు. ఆ పెద్దలకు నమ్మకం కలిగించటానికే ఈ ఆర్భాటమంతా. అందుకని పోటీ వెస్ట్ వర్జీనియాకు సాగింది. బొగ్గుగనులు మూతపడి, జనం ఆకలితో ఉన్న రాష్ట్రం. కాథలిక్కులు నూటికి అయిదుగురు. డ్రూ చిత్రం అక్కడికి వెళ్ళలేదు. వెళ్ళినా ఏం చూసేదో!

అక్కడి కౌంటీలలో ముఠానాయకులు ఎవరెవరికి వోటెయ్యాలో చీటీలు అచ్చువేసి పంచేవారు. చీటీలో పేరు ఎక్కాలంటే ‘ఖర్చులు’ ఇచ్చుకోవాలి. కెన్నెడీ తరపున వ్యవహారం నడిపిన లారీ ఓబ్రయన్ 1974లో అచ్చయిన జ్ఞాపకాలలో ఈ చెల్లింపుల సంగతి దాచలేదు. హంఫ్రీ మనుషులూ చీటీల బేరానికి పోయారు. చేతిలో డబ్బులేక వెనకబడ్డారు. హంఫ్రీ వెనుకా ఎత్తుగడలున్నాయి. జాన్సన్‌ను కోరుకున్న సెనేటర్ బర్డ్ వంటివాళ్ళు కెన్నెడీని ఆపటానికే హంఫ్రీని బలపరిచారు. అటు కెన్నెడీ పక్షాన రూజ్వెల్టు కొడుకు ఊరూరా తిరిగి, హంఫ్రీ యుద్ధానికి వెళ్ళలేదని ఎత్తిపొడిచాడు. హంఫ్రీ చేరబోతే ఆరోగ్యకారణాలతో తిరస్కరించారన్నది నిజం. మే 10న కెన్నెడీకి 60 శాతం పైగా వోట్లు పడ్డాయి. ఆ రాత్రే హంఫ్రీ తప్పుకున్నాడు.

ఎవరు ఎంత ఖర్చుపెట్టారో లెక్క తేలదు. ప్రైమరీ ఖర్చులు కేంద్రప్రభుత్వానికి చెప్పుకోవాలన్న చట్టం 1971 దాకా రాలేదు. అక్కరకు మించి ఒక్క వోటు కూడా కొనవద్దని, అఖండవిజయానికి తాను డబ్బివ్వనని తండ్రి తంతి పంపినట్టు కెన్నెడీ 1958లో పత్రికలవాళ్ళ విందులో హాస్యమాడాడు. అందరూ నవ్వారు.

డబ్బుంటే చాలా అని ఎవరైనా అడగవచ్చు. చాలదు. 2020 పోటీలో మైకేల్ బ్లూంబర్గ్ 100 కోట్ల డాలర్లకు పైగా సొంతసొమ్ము గుమ్మరించి, అమెరికన్ సమోవా అనే చిన్న ద్వీపప్రాంతంలో మాత్రం గెలిచాడు. డబ్బు చేతకానివాణ్ణి నాయకుణ్ణి చెయ్యలేదు. చేతనయినవాళ్ళలో ఎవరు బరిలో మిగలాలో మాత్రం అది తేల్చగలదు. 1960లో తేల్చింది.

సినిమాకు అందనిది పుస్తకానికి కొంత అందింది. థియోడోర్ వైట్ 1961లో రాసిన ‘ది మేకింగ్ ఆఫ్ ది ప్రెసిడెంట్ 1960’కి పులిట్జర్ బహుమతి వచ్చింది. అతను కెన్నెడీ వశమైపోయినవాడే. 1963లో అధ్యక్షుడు హత్యకు గురైన తరువాత ఆ పాలనకు ‘కామెలాట్’ అనే పురాణం కట్టింది ‘లైఫ్’లో అతని వ్యాసమే. అయినా విలేకరిగా అతని కన్ను సంచిని వదిలిపెట్టలేదు. వెస్ట్ వర్జీనియాలో హంఫ్రీ టెలివిజన్ ప్రసంగం చేయవలసివచ్చింది. కంపెనీవాళ్ళు డబ్బు ముందే కట్టమన్నారు. పార్టీ నిధిలో ఏమీలేదు. హంఫ్రీ జేబులోంచి చెక్కుపుస్తకం తీసి, భార్య చూస్తుండగా, సొంత ఖాతామీద 750 డాలర్లకు చెక్కు రాసి ఇచ్చాడు. జాక్విలిన్ వేళ్ళను పట్టుకున్న కెమెరాకు ఆ చెయ్యికూడా తగిన దృశ్యమే. అక్కడ కెమెరా లేదు.